సైన్యం దించితే సామాన్యుడికి పోయేదేమీ లేదా?

మూడు వారాలుగా మా కావలి, ఒంగోలు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: "అమెరికాను చూసి నేర్చుకోండి. ఎక్కడ గొడవైతే అక్కడ సైన్యం దించుతుంది, అందుకే అగ్రరాజ్యం అయింది. 2003లో ఇరాక్‌కి రమ్మని పిలిస్తే మనం పోలేదు, చేతకానితనం. పోయుంటే నూనె మనకు దక్కేది. 1971లో దిగాం, ఒక దేశాన్నే పుట్టించాం. చుట్టుపక్కల ఎవడు తోక ఝాడించినా సైన్యం దించి నెల రోజుల్లో సరిచేయాలి. దీనివల్ల సామాన్యుడికి పోయేదేమీ లేదు."

పంపినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇద్దరు నా పక్క బెంచీలో కూర్చుని చదువుకున్నవాళ్లే. దేశం మీద ప్రేమతోనే పంపారు. అయినా ఊరుకోలేక రాస్తున్నాను. ఎందుకంటే ఆ చివరి మాట అబద్ధమని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే చివరి మాటతోనే మొదలుపెడతాను.

మా చిన్నమామ 1988లో కువైట్ వెళ్లాడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా. వీసాకి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఆ అప్పు తీరకముందే 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసి ఇరాక్ అప్పుల్లో మునిగి ఉంది. ఆ అప్పు ఇచ్చిన దేశాల్లో కువైట్ కూడా ఒకటి. దాన్నే మింగేస్తే బాకీ పోతుంది, నూనె బావులు కలిసొస్తాయి అనుకున్నాడు సద్దాం హుస్సేన్. మన మెసేజ్‌లో ఉన్న లెక్క కూడా అదే కదా.

మామ ఎట్టాగో బస్సుల్లో జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారిలో గుడారాల్లో రోజులు గడిపి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కాడు. ఆ రెండు నెలల్లో దాదాపు 500 ట్రిప్పులు వేసి సుమారు 1,70,000 మందిని వెనక్కి తెచ్చారు. అందుకు ఈ దేశానికి మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. బొంబాయి నుంచి రైళ్లు మారి కావలి స్టేషన్లో దిగినప్పుడు మామ చేతిలో ఒక రెగ్జిన్ బ్యాగు ఉంది. రెండు లుంగీలు, పాస్‌పోర్టు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కువైట్ దినార్లు. ఆ నోట్లు మార్చేవాళ్లు దొరకలేదు. ఇరాక్ అప్పటికే ఆ దినారును రద్దు చేసింది. యుద్ధం ముగిశాక 1991లో కువైట్ కొత్త నోట్లు అచ్చేసుకుంది, పాతవి చెల్లకుండా పోయాయి. అప్పులవాళ్లకి చెల్లని నోట్లతో పనేముంది? ఎకరం మాగాణి అమ్మి కట్టారు. ఆ నోట్లు ఇప్పటికీ మా అత్త బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి.

ఇక ఇరాక్ సంగతి. ఆక్రమణ నిలిచింది ఏడు నెలలు. ఐక్యరాజ్యసమితి ఆ దేశం నూనె ఆదాయంలోంచే నష్టపరిహారం కోసి తీసుకుంది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. చివరి వాయిదా కట్టింది 2022లో. నూనె కోసం దిగిన దేశం, సొంత నూనె అమ్మి ముప్పై ఏళ్లు బాకీ తీర్చింది. ఆ పరిహారంలో మా మామకీ కొంత అందింది, పొలం పోయిన ఏడెనిమిదేళ్లకి. ఆ డబ్బుతో ఆ పొలం తిరిగి కొనే రోజులు అప్పటికే దాటిపోయాయి.

ఇది పాత కథ అంటారేమో. విడవలూరు వైపు మా తమ్ముడు రొయ్యల చెరువులు వేస్తాడు. యెమెన్‌లో హూతీలనే తిరుగుబాటుదారులను గద్దె దించేస్తామని 2015 మార్చిలో సౌదీ కూటమి బాంబులు మొదలుపెట్టింది. వారాల్లో అయిపోతుందన్న పని ఏళ్లు సాగింది. 2021 చివరికి యుద్ధం వల్ల, దాని వెంట వచ్చిన ఆకలి, రోగాల వల్ల 3,77,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. హూతీలు పోలేదు, ఇంకా బలపడ్డారు. 2023 నవంబరు నుంచి వాళ్లే ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టారు. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది, కంటైనర్ కిరాయి పెరిగింది. 2024 మొదట్లో మావాడు పట్టుబడికి రేటు అడిగితే కొనేవాళ్లు చెప్పిన మొదటి మాట ఇదే, కిరాయి పెరిగింది అని. మేత రేటు తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు, వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) రేటు మాత్రం తగ్గింది. యెమెన్ ఎక్కడుందో తెలియని రైతు కూడా ఆ యుద్ధానికి తన వంతు కట్టాడు.

ఇప్పుడు అమెరికా మాట. 2003లో ఇరాక్ మీదికి పోయేముందు వాళ్ల రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ చెప్పిన ఖర్చు 5,000 కోట్ల డాలర్ల లోపు. దానికి రెండు నుంచి నాలుగు రెట్లు కావచ్చని చెప్పిన ఆర్థిక సలహాదారు లిండ్సే పదవే పోయింది. 2001 తర్వాతి యుద్ధాలన్నిటికీ కలిపి, గాయపడ్డ సైనికులకు ముందు ముందు పెట్టాల్సిన వైద్యం ఖర్చుతో సహా, దాదాపు 8 లక్షల కోట్ల డాలర్లని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో లెక్క తేల్చారు. అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్లు ఉండి వెళ్లిపోయేసరికి, ఎవరిని గద్దె దించారో ఆ తాలిబన్లే కాబూల్‌లో కూర్చున్నారు. అమెరికా ధనిక దేశం అయింది ఈ యుద్ధాల వల్ల కాదు. ధనిక దేశం కాబట్టి ఇన్ని తప్పులు చేసి కూడా నిలబడింది. మనకు ఆ వెసులుబాటు లేదు.

ఇరాక్‌లో దొరుకుతాయన్న సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకనే లేదు. నమోదైనంత వరకే 2 లక్షలకు దగ్గరగా సాధారణ జనం చనిపోయారు. 2003 మేలో ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. లక్షలమంది, తుపాకి తప్ప వేరే పని తెలియనివాళ్లు, జీతాలు లేకుండా వీధిన పడ్డారు. వాళ్లలో కొందరు తర్వాత ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థకి సేనానులయ్యారు. 2014 జూన్‌లో ఐసిస్ మోసుల్‌ని పట్టుకున్నప్పుడు అక్కడ కూలి పనికి పోయిన మన 39 మందిని ఎత్తుకుపోయి చంపింది. బతికున్నారో లేదో తెలియకుండా వాళ్ల ఇళ్లలో నాలుగేళ్లు ఎదురుచూశారు. 2018లో అస్థికలు వచ్చాయి.

మరి "పోకపోవడం చేతకానితనం" అనే మాట? అప్పుడు ప్రధాని వాజపేయి. ఇరాక్ మీద దాడిని ఖండిస్తూ లోక్‌సభ 2003 ఏప్రిల్‌లో తీర్మానం చేసింది. అమెరికా ఒక డివిజన్, అంటే సుమారు 17,000 మందిని అడిగింది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని జూలై 14న ప్రభుత్వం చెప్పేసింది. అంత ఒత్తిడిలో కాదని చెప్పడానికి ధైర్యం కావాలి. నూనె అంటారా, 2009 వేలంలో ఇరాక్‌లోని పెద్ద నూనె క్షేత్రం రుమైలా బ్రిటన్ కంపెనీకి, దానితో పాటు చైనా కంపెనీకి దక్కింది. చైనా అక్కడికి ఒక్క సైనికుణ్ణి కూడా పంపలేదు. మనమూ పంపలేదు, ఇరాక్ నూనెను ఎక్కువగా కొనే దేశాల్లో మనమూ ఉన్నాం. డబ్బిచ్చి కొంటున్నాం, అంతే.

1971 గురించి నేనూ గర్వపడతాను. కానీ అది ఏ పరిస్థితుల్లో జరిగిందో మెసేజ్ రాసినవాళ్లు వదిలేశారు. పాకిస్తాన్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌కి (ఇప్పటి బంగ్లాదేశ్‌కి) ఉన్న 169 సీట్లలో 167 గెలిచిన అవామీ లీగ్ పార్టీకి అధికారం ఇవ్వలేదు. కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చిపడ్డారు. అక్కడివాళ్ల విమోచన సేన ముక్తిబాహిని నెలల తరబడి తనే పోరాడుతోంది. డిసెంబరు 3న మన విమాన స్థావరాల మీద మొదట బాంబులేసింది పాకిస్తాన్. యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. 1972 మార్చికల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది. మనవాళ్లు 3,800 మందికి పైగా ప్రాణాలిచ్చారు. అక్కడి జనం కోరుకున్నారు, పని అయింది, వచ్చేశాం. ఈ మూడింటిలో ఒకటి తప్పినా ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, శ్రీలంక చాలు.

గిద్దలూరు వైపు ఊళ్లలో మిలిటరీలో పనిచేసినవాళ్లు చాలామంది ఉంటారు. మా బావగారి ఇంటి పక్కనే ఒక రిటైర్డ్ హవల్దారు గారున్నారు. మన దేశం శ్రీలంకకు పంపిన శాంతి సేనతో 1987లో జాఫ్నా వెళ్లారు. మోకాలి కింద ఎడమ కాలు మందుపాతరలో పోయింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, కట్టుడు కాలికి పట్టీ బిగించుకునే ముందు మిగిలిన కాలికి కొబ్బరినూనె రాసుకుంటారు. వాళ్లింటికి పోయినప్పుడు ఆ రోజుల గురించి నేనడిగాను.

"పోయింది కొట్లాడటానికి కాదు నాయనా. ఆయుధాలు అప్పగిస్తారు, మనం తీసుకుని లెక్క రాసుకోవడమే అన్నారు. వారం పది రోజుల పని అన్నారు."

భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం జరిగింది 1987 జూలై 29న. అక్టోబరుకల్లా ఎవరిని కాపాడటానికి వెళ్లామో ఆ తమిళుల వీధుల్లోనే పులులతో, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్‌టీటీఈతో యుద్ధం. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లలో దిగిన 30 మంది సిక్కు జవాన్లలో 29 మంది మర్నాటికి చనిపోయారు. అదే నెలలో జాఫ్నా ఆస్పత్రిలో మన సైన్యం కాల్పులకు రోగులు, డాక్టర్లు, నర్సులు బలయ్యారు. ఈ రెండూ మన చరిత్రే, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. 70 వేలకు పైగా సైన్యం అక్కడ ఉన్న రోజులున్నాయి. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ప్రేమదాస మనల్ని పొమ్మన్నాడు. మనతో పోరాడుతున్న పులులకే ఆయుధాలు ఇప్పించాడు. 1990 మార్చి 24న ఆఖరి దళం వచ్చేసేటప్పటికి దాదాపు 1,200 మంది చనిపోయారు. మద్రాసు రేవులో స్వాగతానికి తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్లలేదు. ఏడాది తర్వాత, 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో సైన్యాన్ని పంపిన అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీనే పులులు చంపేశారు. శ్రీలంకలో యుద్ధం ఇంకో 18 ఏళ్లు సాగింది.

హవల్దారు గారి ఫోన్లోకీ ఈ మెసేజ్ వచ్చింది. కళ్లు ఆనక మనవడితో చదివించుకున్నారు. "నెల రోజుల్లో సరిచేయాలి" అన్న చోట పిల్లవాణ్ణి ఆపి, ఆ ఒక్క ముక్క మళ్లీ చదవమన్నారు.