పెరగకూడని స్ప్రింగు

మన విజయనగరం వైపు డిగ్రీ ఫిజిక్సు పిల్లలకి కంప్యుటేషనల్ థింకింగ్, అంటే సమస్యని కంప్యూటరు చెయ్యగలిగే మెట్లుగా విడగొట్టి ఆలోచించడం, పూర్తిగా వచ్చేసింది. నమ్మనివాళ్లు ల్యాబ్ రికార్డులు తిరగేసుకోవచ్చు. పైథాన్ ప్రోగ్రాము నీలం సిరాతో, హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో, చుట్టూ మార్జిన్. లూపులోని, అంటే మళ్లీ మళ్లీ నడిచే, లైన్లు లోపలికి జరగాలని పైథాన్ అంటుంది, మార్జిన్‌కి ఆనించి రాయాలని రికార్డు అంటుంది. గెలుపు రికార్డుదే. కంప్యూటరుతో పనేముంది?

ప్రయోగం పాతదే, స్ప్రింగు ఊగడాన్ని ప్రోగ్రాముతో లెక్కగట్టడం. 100 గ్రాముల బరువు, మీటరుకి 10 న్యూటన్ల స్ప్రింగు, 10 సెంటీమీటర్లు లాగి వదలడం. కాలాన్ని సెకనులో వందో వంతు చొప్పున అడుగులుగా కోసి లెక్క. సీనియర్ల నుంచి వారసత్వంగా వచ్చిన ప్రోగ్రాములో ముందు త్వరణం కడతారు, పాత వేగంతో స్థానం మారుస్తారు, ఆనక వేగం. ఇది ఆయిలర్ పద్ధతి. ఈ లెక్కలో అడుగడుక్కీ శక్తి ఒక శాతం పెరుగుతుంది. సెకను తిరిగేసరికి ఊపు 16 సెంటీమీటర్లు దాటుతుంది, రెండో సెకనుకి 27. మూడోదానికి పైడితల్లి జాతరలో సిరిమాను ఎక్కినట్టే.

చిత్రమేమిటంటే, రికార్డులన్నిట్లో ప్రోగ్రాము ఆయిలర్‌ది, పక్కన పెన్సిల్ గ్రాఫు మాత్రం పాఠ్యపుస్తకంలోది. చివరిదాకా 10 సెంటీమీటర్లే! అందరికీ 10కి 10.

సాలూరు నుంచి తొలి బస్సుకి వచ్చిన ఓ పిల్ల మాత్రం బుద్ధి తక్కువై దాన్ని నిజంగానే రన్ చేసి, వచ్చిన గ్రాఫే రికార్డులో అతికించింది. ఎగ్జామినరు పట్టుకున్నారు.

"ఏటమ్మా, ఊపు అలా పెరిగిపోతందేటి?"

"అలాగే వచ్చింది సార్."

"వస్తే అతికించీడమేనా? పక్కోళ్లది చూసుకోవద్దా?"

10కి 4.

అయ్యా ఎగ్జామినరు గారూ, తప్పింది స్ప్రింగు కాదు, లెక్క. పాఠమంతా అక్కడే ఉంది! ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానం మారిస్తే ఊపు 10 దగ్గరే నిలబడుతుంది. పాత పద్ధతిలోనే అడుగు 0.001 సెకనుకి తగ్గించినా, సెకను తిరిగేసరికి ఊపు 10.5 దగ్గర ఉంటుంది, కాకపోతే లెక్కలు పదింతలు. "ఎందుకు పెరిగింది, ఏ లైను కదిపితే ఆగుతుంది?" ఈ ఒక్క ముక్క అడగడానికి నోరు రాలేదా? గది మొత్తానికి ఒక్కర్తి కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు పట్టుకొస్తే, దాన్నే ఎర్ర సిరాతో కొట్టేస్తారా?

వైవాలో పైథాన్ ఎప్పుడు వచ్చిందని అడిగారు. 1991 అన్న కుర్రాడికి ఫుల్ మార్కులు. వాడి రికార్డు అప్పుడే జూనియర్ సంచిలో ఉంది.