సవరణ: పామర్‌స్టన్ ప్రభువుల సభ సభ్యుడు కాదు

19వ శతాబ్దపు బ్రిటన్ ప్రధాని లార్డ్ పామర్‌స్టన్ గురించి ఇంతకుముందు ఇచ్చిన వ్యాసంలో ‘ప్రభువుల సభ సభ్యుడిగా రెండుసార్లు ప్రధాని అయ్యారు’ అన్న వాక్యం ఉంది. దాన్ని ‘కామన్స్ సభ సభ్యుడిగా’ అని చదువుకోగలరు. బ్రిటన్ పార్లమెంటులో ప్రభువుల సభ ఎగువ సభ, కామన్స్ ఓటర్లు ఎన్నుకునే దిగువ సభ.

పేరుకు ముందు లార్డ్ అని ఉంటే అలా అనుకోవడం సహజమే. అయితే 1802లో తండ్రి నుంచి ఆయనకు దక్కిన వైకౌంట్ అనే ప్రభు బిరుదు ఐర్లండ్‌ది. 1801లో ఐర్లండ్, బ్రిటన్ ఏకమైనప్పుడు ఐర్లండ్ ప్రభువులు తమలోంచి 28 మందిని మాత్రమే లండన్‌లోని ప్రభువుల సభకు ఎన్నుకోవాలన్న ఏర్పాటు జరిగింది. మిగిలినవారు కామన్స్‌కు పోటీ చేయవచ్చు, అదీ బ్రిటన్ నియోజకవర్గాల నుంచే. సొంత ఐర్లండ్ నుంచి చేయకూడదు! చిత్రమైన నిబంధన.

అందుకే అంతటి దొరవారికీ ఓట్ల కోసం వేదిక ఎక్కక తప్పలేదు. ఇంగ్లండ్‌లోని టివర్టన్ పట్టణంలో రోక్లిఫ్ అనే మాంసం వ్యాపారి, సామాన్యులకూ ఓటుహక్కు కోరిన చార్టిస్టు ఉద్యమకారుడు, ఎన్నికల సభల్లో ఆయన్ను నలుగురిలో నిలదీసేవాడు. పామర్‌స్టన్ కూడా తడుముకోకుండా చమత్కారంగా బదులిచ్చేవారు. 1835 నుంచి 1865లో కన్నుమూసేదాకా ఆ ఊరి ప్రతినిధి ఆయనే.

ఆ వ్యాసంలోని ‘కంపెనీ పాలనకు స్వస్తి పలికిన ప్రధాని’ అన్న మాటా నిలవదు. 1858 ఫిబ్రవరిలో అందుకోసం బిల్లు పెట్టింది పామర్‌స్టనే. కానీ ఫ్రాన్స్ చక్రవర్తిపై హత్యాయత్నం దరిమిలా తెచ్చిన మరో బిల్లు వీగిపోవడంతో ఆ నెలలోనే గద్దె దిగారు. భారతదేశాన్ని రాణి పాలన కిందికి తెచ్చిన చట్టం ఆగస్టులో, ఆయన తర్వాత ప్రధాని అయిన డెర్బీ హయాంలో వచ్చింది. ఆ డెర్బీ మాత్రం ప్రభువుల సభవారే.