షోరూమ్ వాళ్లూ, ముందు బండిని కనపడనివ్వండి

కార్ల షోరూమ్ వెబ్‌సైట్ చూడముచ్చటగా ఉండాలంటే ఏం కావాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. బండి కనపడాలి. వాళ్ల దగ్గరున్న బండి, ఉన్నది ఉన్నట్టు, మంచి వెలుతురులో, పక్కన ధరతో సహా కనపడాలి. మిగతా సోకులన్నీ ఆ తర్వాతే. మా బాబాయ్ కారు కొందామనుకుంటున్నారు. మా ఇళ్లల్లో ఇలాంటి పని ఏది పడినా ఫోన్ నా చేతికే వస్తుంది. అందుకని కొన్నాళ్లుగా రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు షోరూముల సైట్లన్నీ వరసపెట్టి చూస్తున్నాను. చూసినకొద్దీ ఒళ్లు మండింది. అందుకే ఇంత పొడుగు పోస్ట్ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బాబాయ్ వాళ్లది రాజోలు దగ్గర ఊరు. ఆయన కోరికలు పెద్దవేం కావు. కొబ్బరితోటలోకి వెళ్లే మట్టిబాట మీద బండి అడుగు తగలకూడదు. పిన్నికి మోకాళ్ల నొప్పులు, కాబట్టి ఎక్కి దిగడానికి సులువుగా ఉండాలి. డిక్కీలో రెండు బస్తాలైనా పట్టాలి. ఇవన్నీ సరైన ఫొటో ఒక్కోటి ఉంటే ఇట్టే తేలిపోయే సంగతులు. నేను చూసిన ఏ సైట్‌లోనూ తేలలేదు.

ఒక సైట్ తెరవగానే పైన పెద్ద బొమ్మ. మంచుకొండలు, ఖాళీ రోడ్డు, మధ్యలో వెండిరంగు కారు. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఒరేయ్, స్టీరింగ్ ఎడంపక్కుందేంట్రా?" అన్నారు. నిజంగానే ఉంది. ఏ దేశం బండి బొమ్మో తెచ్చి మన షోరూమ్ పేరు కింద పెట్టేశారు. ఆ తర్వాత ఆ సైట్‌లో ఎంత మంచి మాట రాసినా ఆయనకి నమ్మకం కుదరలేదు. ఎందుకు కుదరాలి? మన దగ్గర అమ్మని బండి బొమ్మ పెట్టినవాళ్లు, కింద రాసిన ధర మాత్రం సరిగ్గా రాశారని ఎవరనుకుంటారు?

పైగా ఆ బొమ్మ నిలబడదు. రెండు మూడు సెకన్లకోసారి జారిపోయి ఇంకోటి వస్తుంది. దసరా ఆఫర్ అని ఒకటి, ఎక్స్ఛేంజ్ మేళా అని ఇంకోటి. సంక్రాంతి దాటినా దసరా ఆఫర్ అలాగే తిరుగుతూ ఉంటుంది. ఇలా ప్రకటనలా కనపడే దాన్ని మన కన్ను అలవాటుగా దాటేసి కిందకి పోతుంది. దీనికి బ్యానర్ బ్లైండ్‌నెస్ అని 1998లోనే పేరు పెట్టారు. అంటే అందరికంటే ఎక్కువ డబ్బు పోసి చేయించిన ఆ చోటునే అందరూ చూడకుండా వదిలేస్తున్నారు. అక్కడ కదలకుండా ఒకే ఒక్క మంచి ఫొటో పెట్టండి చాలు.

మంచి ఫొటో అంటే లక్షలు ఖర్చవుతుందనుకోకండి. మన పాలకొల్లులో, తణుకులో, అమలాపురంలో ఏ వీధికెళ్లినా పెళ్లి ఫొటోలు తీసే కుర్రాళ్లు ఉన్నారు. డ్రోన్లున్నాయి, మంచి లెన్సులున్నాయి. ప్రీవెడ్డింగ్ అంటే దిండి వైపో పాపికొండలకో తీసుకెళ్లి అద్భుతంగా తీస్తారు. ఆ కుర్రాణ్ణే ఒక్క పూట పిలిచి బండి చూపించండి. కాలవగట్టు మీద పొద్దున్నే తీయించండి. ఎండ నెత్తిమీదకొచ్చాక తీస్తే బానెట్ మీద తెల్లటి మచ్చ పడి, చక్రాల దగ్గర నల్లటి నీడ పడి బండి ఆకారమే పోతుంది. పొద్దుటి ఏటవాలు వెలుతురులో తలుపు మీద ఉన్న ప్రతి గీతా, ప్రతి వంపూ తెలుస్తుంది. కెమెరాని హెడ్‌లైట్ ఎత్తుకి దించి, ముందుభాగమూ ఒక పక్కా రెండూ కనపడేలా మూలనుంచి తీయాలి. సేల్స్ కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని బండికి మరీ దగ్గరగా నిలబడి తీస్తారు, దాంతో ముక్కు ఉబ్బి, వెనకభాగం చిక్కిపోయి వేరే బండిలా కనపడుతుంది. నాలుగడుగులు వెనక్కెళ్లి జూమ్ చేసి తీస్తే ఈ బాధ ఉండదు. అద్దాల మీద ఆకాశం మెరిసి లోపల ఏమీ కనపడకపోతే లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ తగిలించి తిప్పితే ఆ మెరుపు చాలావరకు తగ్గుతుంది. ఇవన్నీ ఆ కుర్రాళ్లకి తెలిసినవే. అడిగేవాళ్లే లేరు.

వెనకాల ఏం కనపడుతుందన్నది కూడా నాకు చాలా ముఖ్యం. ధవళేశ్వరం బ్యారేజీ పక్కన నిలబెట్టిన బండి, కడియం నర్సరీల మధ్య ఆగిన బండి, కొబ్బరిచెట్ల నీడలో ఉన్న బండి చూడగానే ఇది మన ఊళ్లో తిరిగే బండి అన్న సంగతి మనసుకి పడుతుంది. మన రోడ్డు వెడల్పుకి అది ఎంత ఉందో, ఎదురుగా ఆటో వస్తే పక్కకి ఒరగడానికి చోటుంటుందో లేదో కూడా అందులోనే తెలిసిపోతుంది. మంచుకొండ ముందు నిలబెడితే ఇవేవీ తెలియవు.

ఇక అంకెల సంగతి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, ఇన్ని మిల్లీమీటర్లు అని పట్టికలో రాస్తారు. అది చదివి మా బాబాయ్‌కి ఏం అర్థమవుతుంది? బండి పక్కన నేల మీద ఒక ఇటుక నిలబెట్టి ఫొటో తీస్తే ఎవరికైనా అర్థమవుతుంది. డిక్కీ ఇన్ని లీటర్లు అని రాస్తారు. అందులో పాతిక కేజీల బియ్యం బస్తాలు పెట్టి చూపించండి. ముందు తలుపు పూర్తిగా తీసి, చీర కట్టుకున్న పెద్దావిడ సీట్లో కూర్చుంటూ ఉండగా తీసిన ఒక్క ఫొటో, సీటు ఎత్తు గురించి రాసిన పేరాకంటే ఎక్కువ చెబుతుంది. ఇలాంటి ఫొటో ఒక్క సైట్‌లో కూడా లేదు. అసలు కొనే ఇంట్లో ఎక్కి కూర్చునేది ఎవరు, వాళ్లకి ఏం కావాలి అని ఎవరూ ఆలోచించినట్టే లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇంకోటుంది. ఫొటోలో టాప్ ఎండ్ బండి. సన్‌రూఫ్, అల్లాయ్ చక్రాలు, లోపల పెద్ద స్క్రీన్. దాని కిందే పెద్ద అక్షరాల్లో బేస్ మోడల్ ధర. పక్కన చుక్క గుర్తు, పేజీ అట్టడుగున ఆవగింజంత అక్షరాల్లో "చూపిన చిత్రం వాస్తవానికి భిన్నంగా ఉండవచ్చు" అని. దీన్ని అందంగా డిజైన్ చేశామని ఎలా చెప్పుకుంటారు? ఆ ధరకి వచ్చే బండి స్టీలు చక్రాలతో, మామూలు స్టీరియోతో ఎలా ఉంటుందో అలాగే చూపించండి. వేరియంట్ మీద నొక్కితే ఫొటో కూడా మారాలి, దాంతోపాటు ధరా మారాలి. బేస్ మోడల్ కొనుక్కునేవాడు కూడా జీవితంలో మొదటిసారి కారు కొనుక్కుంటున్న మనిషే. ఆ బండికి కూడా మంచి ఫొటో తీస్తే వాళ్లకి ఎంత గౌరవంగా ఉంటుందో ఆలోచించండి.

ధర గురించి ఒక్క మాట. ఎక్స్‌షోరూమ్ ధర ఒక్కటే పెట్టి, ఆన్‌రోడ్ ధర, అంటే బండి రోడ్డెక్కేదాకా అన్నీ కలిపి అయ్యే మొత్తం, దాచిపెట్టడం మానేయండి. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, పది లక్షలు దాటిన బండికైతే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను), యాక్సెసరీలు, అన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా, కుడిపక్క అంకెలు ఒకే గీతలో నిలబడేలా రాసి కింద మొత్తం వేయండి. పచారీ కొట్టు చీటీలా శుభ్రంగా ఉండే ఆ పట్టికకంటే అందమైన డిజైన్ నా దృష్టిలో ఇంకోటి లేదు. దాని కింద ఏ తేదీ నాటి ధరో కూడా వేయాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. తేదీ లేకుండా ధర రాస్తే అది తగ్గకముందుదో తగ్గాక వేసిందో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

తెలుగు అక్షరాల సంగతి చెప్పకుండా ఉండలేను. సైట్‌లో తెలుగు పెట్టిన షోరూములే తక్కువ. పెట్టిన చోట కూడా ఇంగ్లిష్‌కి చేసిన పేజీలోనే తెలుగు పోసేస్తారు. మన అక్షరాలకి పైన గుడులు, కింద వొత్తులు ఉంటాయి, వరసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కొలత అలాగే ఉంచేస్తే పై వరసలోని వొత్తు కింది వరసలోని గుడి మీదకెక్కుతుంది. బటన్ల మీదైతే మరీ ఘోరం. "టెస్ట్ డ్రైవ్" అన్న మాటలో ట వొత్తూ ర వొత్తూ సగానికి తెగిపోయి ఉండటం నా కళ్లారా చూశాను. మండలి, రామభద్ర, సురవరం, ఎన్టీఆర్ లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని తీసుకుని, వరసల మధ్య చోటు పెంచి, ఒక్కసారి ఫోన్‌లో చూసుకుంటే అయిపోతుంది. అక్షరాల రంగు కూడా చూడండి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగులో రాస్తే చెరువుగట్టు మీద ఎండలో నిలబడి చూసే రైతుకి ఏమీ కనపడదు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాల్లోనే రాసుంది.

సెకండ్ హ్యాండ్ బండ్ల పేజీలకి వస్తే అందం అంటే పూర్తిగా వేరే అర్థం. అక్కడ పాలిష్ పెట్టి మెరిపించిన ఫొటో నాకు అనుమానమే కలిగిస్తుంది. మనది వరద ప్రాంతం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చి లంకలన్నీ మునిగాయి. నీళ్లలో నానిన బండిని బయటనుంచి కడిగేస్తే ఏమీ తెలియదు. సీటుబెల్టు చివరిదాకా లాగితే బురద చార కనపడుతుంది. సీటు కింద పట్టాల మీద తుప్పు కనపడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండికి ఉప్పుగాలికి కిందిభాగం ఎలా ఉందో చూడాలి. ఏపీ 05, ఏపీ 37 అని ఉన్నప్పుడు నంబరు చూడగానే తూర్పు గోదావరిదో పశ్చిమ గోదావరిదో తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టాక అది కూడా తెలియడం లేదు. కాబట్టి లాగిన సీటుబెల్టు, సీటు పట్టాలు, బండి అడుగుభాగం, తిరిగిన కిలోమీటర్ల రీడింగ్, టైరు మీది నాలుగంకెల తేదీ, వీటన్నిటికీ దగ్గరనుంచి తీసిన ఫొటోలు పెట్టండి. టైరు మీద 2322 అనుంటే 2022లో 23వ వారంలో తయారైందని. బంపర్ మీద గీత ఉంటే ఆ గీతకీ ఒక ఫొటో పెట్టండి. గీత చూపించిన షోరూమ్ దగ్గరికి నేను రెండొందల కిలోమీటర్లైనా వెళ్తాను.

ఫొటోలు ఎక్కువైతే పేజీ మొరాయిస్తుందంటారు. కెమెరాలోంచి వచ్చిన ఫైలు అలాగే ఎక్కిస్తే మొరాయిస్తుంది మరి. సైజు తగ్గించి వెబ్‌పీ అనే ఫొటో ఫార్మాట్‌లో పెడితే కంటికి తేడా తెలియకుండానే చాలా తేలికైపోతుంది. పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడితే బాగున్నట్టు అని గూగుల్ లెక్క. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) కోసం ఎదురుచూస్తూ, వచ్చీరాని సిగ్నల్‌లో తెరిచి చూసుకోండి, మీ సైట్ సంగతేంటో మీకే తెలుస్తుంది.

"ఇదంతా కంపెనీ వాళ్లిచ్చిన నమూనా, మా చేతుల్లో ఏం లేదు" అని ఒక షోరూమ్‌లో పనిచేసే తెలిసినాయన అన్నారు. పైభాగం కంపెనీది అయితే అయ్యుండొచ్చు. కానీ డెలివరీల ఫొటోల పేజీ మీదేగా? అయినవిల్లి వినాయకుడి గుడి దగ్గర పూలదండతో, చక్రాల కింద నిమ్మకాయలతో నిలబడ్డ బండి, పక్కన ఇంటిల్లిపాదీ. వాళ్ల అనుమతి తీసుకుని ఆ ఫొటోలు శుభ్రంగా పెడితే దేశంలో ఏ ఏజెన్సీ చేసిన బొమ్మా దాని ముందు నిలవదు. ఇప్పుడేమో షోరూమ్ ట్యూబులైట్ కింద, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ముఖానికి అడ్డం పెట్టి, మసకగా ఒకటి తీసి పడేస్తున్నారు.

ఇంకో సంగతి, ఆ ఎగిరివచ్చే పెట్టె తీసేయండి. ధర చదువుతుండగానే "మీ ఫోన్ నంబర్ ఇవ్వండి" అని తెరంతా కప్పేస్తుంది. మూసే గుర్తు వేలికి అందదు. ఒక చోట బాబాయ్ విసుగొచ్చి నంబరిచ్చేశారు. ఆ సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు, పొలంలో ఉన్నా వదల్లేదు. దాని బదులు పేజీ అడుగున మాట్లాడే మనిషి పేరు, నంబరు, షోరూమ్ ఎక్కడుందో మ్యాప్, ఎన్నింటికి తెరుస్తారో రాయండి. ఆదివారం తెరిచి ఉంటుందా లేదా అన్నది కూడా రాయండి. మా వైపు నుంచి నలుగురం కలిసి బయల్దేరి రాగలిగేది ఆదివారమే.