విమర్శ సిద్ధాంతం మళ్లీ ప్రశ్నల కాగితం పట్టుకోవాలి

1929లో జర్మనీలో కార్మికులకు, ఉద్యోగులకు ఒక ప్రశ్నావళి పంచడం మొదలుపెట్టారు. అందులో 271 ప్రశ్నలు. ఏ పార్టీకి ఓటేస్తారు లాంటివి ఎవరైనా అడిగేవే. కానీ మీ ఇంటి గోడలకు ఏ బొమ్మలు తగిలించారు, పిల్లల్ని అసలు కొట్టకుండా పెంచడం కుదురుతుందా అని కూడా అడిగారు. దాదాపు 3,300 మందికి పంచితే 1,100 మంది వరకు ఓపిగ్గా నింపి పంపారు. ఈ పని చేయించింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సామాజిక పరిశోధన సంస్థ, నడిపించింది మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్. ఓటు వామపక్షానికే వేస్తూ లోలోపల మాత్రం పెత్తనాన్ని మెచ్చుకునే మనుషులు ఆ జవాబుల్లో బయటపడ్డారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు, సంస్థ మూతపడింది, పరిశోధకులు దేశం విడిచిపోయారు.

విమర్శ సిద్ధాంతం, అంటే క్రిటికల్ థియరీ అని ఇప్పుడు యూనివర్సిటీల్లో చదువుకునేది, ఈ సంస్థలో పుట్టిందే. దాని లక్ష్యాన్ని 1937లో సంస్థ డైరెక్టర్ మాక్స్ హోర్క్‌హైమర్ రాసిపెట్టాడు. లోకం ఎలా ఉందో వివరించి ఊరుకోవడం పాత సిద్ధాంతాల పని. మనుషుల్ని బానిసల్ని చేసే పరిస్థితుల నుంచి వాళ్లను విడిపించడం విమర్శ సిద్ధాంతం పని. ఆ విముక్తి అనే మాటకు ఇప్పుడు అర్థం ఏమిటన్నదే నా ప్రశ్న.

హోర్క్‌హైమర్, అతని సహచర తత్వవేత్త అడోర్నో కలిసి 1940ల్లో ఒక చీకటి నిర్ణయానికి వచ్చారు. మనిషిని భయాల నుంచి బయటపడేసిన హేతువే, అంటే తర్కించే బుద్ధే, పెత్తనానికి పనిముట్టయిందన్నారు. మరి హేతువే చెడితే ఏ కొలబద్దతో విమర్శిస్తారు? ఈ ప్రశ్నను తర్వాతి తరం తత్వవేత్త యూర్గెన్ హాబర్మాస్ పట్టుకున్నాడు. ఒకరినొకరు అర్థం చేసుకోవాలని మనుషులు మాట్లాడుకోవడంలోనే ఆ కొలబద్ద ఉందని 1981లో వాదించాడు. అతని తర్వాత వచ్చిన ఆక్సెల్ హోనెత్ 1992లో దాన్ని సాటివాళ్ల నుంచి గుర్తింపు కోసం జరిగే పోరాటంలో వెతికాడు. ఈ కృషిని నేను తక్కువ చేయను. ఆధారం చూపించలేని విమర్శ వట్టి కోపంగా మిగిలిపోతుంది. కానీ కొలబద్ద సరైనదో కాదో తేల్చుకోవడంలోనే దశాబ్దాలు గడిచాయి. కొలవాల్సిన జీవితాలు దూరమయ్యాయి. 1985లో అమెరికన్ తత్వవేత్త నాన్సీ ఫ్రేజర్ హాబర్మాస్‌ను నిలదీసింది ఇక్కడే. అంత పెద్ద సిద్ధాంతంలో ఇంటి లోపల ఆడవాళ్లు జీతం లేకుండా చేసే చాకిరీ సరిగ్గా కనబడలేదేమని అడిగింది. యూరప్ నడిచిన దారినే ప్రగతికి కొలతగా పెట్టుకున్నారని 2016లో మరో అమెరికన్ తత్వవేత్త ఏమీ అలెన్ ఎత్తిచూపింది.

డెలివరీ యాప్‌లో పనిచేసే మనిషి ఫోన్ ఒకసారి చూడండి. ఆర్డర్ వస్తుంది, ఒప్పుకోవడానికి కొన్ని సెకన్లే టైమ్. రేటింగ్ పడిపోతే ఆర్డర్లు తగ్గుతాయి. ఎందుకు తగ్గాయో చెప్పేవాళ్లు ఉండరు. ఐడీ బ్లాక్ అయితే ఒక మెసేజ్ వస్తుంది, చాలాసార్లు దానికి జవాబు ఇచ్చే వీలుండదు. పెత్తనం ఉంది, పెత్తందారు ముఖం లేదు. పైగా అతని పేరు కార్మికుడు కూడా కాదు, పార్ట్‌నర్. ఇన్ని తెలిసీ అతను 'నా ఇష్టమొచ్చినప్పుడు లాగిన్ అవుతా, నెత్తి మీద ఎవడూ ఉండడు' అంటాడు.

దీన్ని భ్రమ అనేసి పక్కన పెట్టే అలవాటు ఈ సంప్రదాయంలో ఉంది. నేను ఒప్పుకోను. సూపర్‌వైజర్ తిట్లు తిని వచ్చిన మనిషికి ఆ స్వేచ్ఛ నిజంగానే ఊరట. అదే స్వేచ్ఛ అతన్ని రోజుకు పన్నెండు గంటలు రోడ్డు మీద ఉంచుతుంది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో విడమర్చి చెప్పడమే నేటి సిద్ధాంతం మొదటి పని. ఆ వివరణ చదివినప్పుడు 'అవును, నా సంగతి ఇదే' అని అతనికి అనిపించాలి. తన కాలం చేసే పోరాటాలను, కోరే కోరికలను ఆ కాలానికే స్పష్టం చేయాలని 1843లో మార్క్స్ ఒక ఉత్తరంలో రాశాడు. ఫ్రేజర్ మళ్లీ బయటికి తీసిన ఆ మాటే ఈ సంప్రదాయానికి సరిపోయే లక్ష్యమని నా నమ్మకం.

జనం పెత్తనాన్నే కోరుకుంటే అప్పుడేం చేస్తారని అడగవచ్చు. చాలా దేశాల్లో ఎన్నికల ఫలితాలు చూస్తే ఆ భయం ఊరికే వచ్చింది కాదని తెలుస్తుంది. కానీ వినడమంటే తలూపడం కాదు. ఫ్రామ్ బృందం కార్మికులను మెచ్చుకోవడానికి ప్రశ్నలు వేయలేదు. వాళ్లు రాసిన ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు తీసుకుని, దాని వెనకున్న ఆశను, భయాన్ని వెతికింది. నచ్చనివి కనబడినా దాచలేదు.

ఆ కాగితాల్లో దాదాపు సగం దేశం దాటే దారిలో పోయాయి. 584 మిగిలాయి. ఆ అధ్యయనం పుస్తకంగా వచ్చింది 1980లో.