‘ఏం కావాలండీ?’ అనే ఊళ్లో ఊరికే తిరగడం

విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల కాంప్లెక్స్ మెట్లెక్కి ఒక కొట్టు ముందు ఆగితే గుమాస్తా అడిగిన మొదటి మాట ‘ఏం కావాలండీ?’. రెండోది ‘ఏ ఊరండీ?’. గుంటూరని చెప్పగలిగాను గానీ మొదటిదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ‘ఊరికే, చూద్దామని’ అన్నాను. ఆయన నా చేతుల వంక చూశాడు. సంచీ లేదు, చీటీ లేదు, వెనక ఆడవాళ్లు లేరు. ‘చూడండి’ అనేసి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద చేరగిలబడి బేరం చేస్తున్న పల్నాటి షావుకారు వైపు తిరిగిపోయాడు. మర్యాదకి ఏ లోటూ రాలేదు, మంచినీళ్లు కూడా ఇచ్చారు. కాకపోతే ఆ తర్వాత పావుగంటసేపు ఆ కొట్లో నేను లేనట్టే లెక్క.

ఈమధ్య ఒక్కళ్లే బ్యాగు తగిలించుకుని ఊళ్లు చూసొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకోసం తయారయ్యే జాబితాల్లో దుర్గ గుడి, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం అయ్యాక బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్, గాంధీనగర్ టిఫిన్లు తప్పకుండా ఉంటాయి. అక్కడికెళ్లి ఏం చెయ్యాలో, ఆ బజార్లు ఏ పద్ధతిలో నడుస్తాయో మాత్రం ఎవరూ రాయరు. బెజవాడ బజారుకి కొనేవాడు తెలుసు, అమ్మేవాడు తెలుసు, మోసేవాడు తెలుసు. ఊరికే తిరిగేవాడు తెలీదు. ఇన్నాళ్లూ తెలియాల్సిన అవసరం పడలేదు, ఇప్పుడు పడిందని నా వాదన.

అవసరం ఎందుకు పడలేదంటే ఈ ఊరు పెరిగిన తీరే అంత. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, కాలువల్లో పడవలు డెల్టా అంతా తిరిగాయి. 1890ల్లో నది మీద రైలు వంతెన పడ్డాక మద్రాసు వైపూ కలకత్తా వైపూ పోయే దారులు ఇక్కడ కలిశాయి. ఆ తర్వాత లారీలొచ్చాయి, ఆటోనగర్ వచ్చింది. పడవ దిగినవాడూ, రైలు మారినవాడూ, లారీ ఆపుకున్నవాడూ అందరూ పనిమీద వచ్చినవాళ్లే. చార్మినార్ పక్కన లాడ్‌బజార్ పెరిగినట్టు ఇక్కడ ఏ నవాబు నీడనా బజారు పెరగలేదు. ఊళ్లల్లో కొట్టు పెట్టుకున్నవాడికి సరుకు అందించడానికి పెరిగింది.

వన్‌టౌన్‌లో నడిస్తే అది కళ్లకి కడుతుంది. స్టీలు సామానొక చోట, పూజ సామానొక చోట, లేసులూ గుండీలూ జిప్పులూ మరో చోట. రాష్ట్ర శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు పేరు పెట్టుకున్న మార్కెట్ ఇక్కడే ఉంది. టోకు వ్యాపారంలో కొంత గొల్లపూడి కాంప్లెక్స్‌కి తరలిపోయినా సందులు ఏమీ వెడల్పు కాలేదు. మీరు ఓ పాత మేడ మీది చెక్క కమ్ముల కిటికీని ఫోన్‌లో పట్టుకోవాలని ఆగుతారు. వెనక నుంచి ‘సైడ్, సైడ్!’ అని కేక. ముఠా కార్మికుడు మనిషెత్తు బేళ్లు కట్టిన తోపుడు బండిని ముందుకి వంగి నెడుతుంటాడు. బండి ఒకసారి ఆగితే మళ్లీ కదిలించడానికి ఎంత ఊపు కావాలో అతని పిక్కలు చూస్తే తెలుస్తుంది. పక్కకి తప్పుకుందామంటే ఒక వైపు మురుగు కాలవ, ఇంకో వైపు నిలిపిన స్కూటర్లు. ఆ సందులో అడ్డం మీరే. నాకు అతని మీద కోపం రాలేదు, నా మీద సిగ్గేసింది.

అందుకే వన్‌టౌన్‌ని ‘హెరిటేజ్ వీధి’ చేసి దీపాలు, రంగులు, సెల్ఫీ పాయింట్లు పెట్టాలనే మాట ఎవరన్నా ఎత్తితే నాకు భయం. అక్కడి అందమంతా పని జరగడంలో ఉంది. పని ఆపి మనల్ని చూడమంటే చూడ్డానికి ఏముంటుంది?

మరి ఒక్కడే వెళ్లినవాడు ఏం చెయ్యాలి? నేను రెండోసారి వెళ్లినప్పుడు మా అక్క ఒక చీటీ రాసిచ్చింది. రెండు చీరలకి ఫాల్స్, మూడు మీటర్ల లైనింగు, నెమలికంఠం రంగు జాకెట్టు ముక్క, మ్యాచింగ్ కోసం చీర కొంగు నుంచి కత్తిరించిన వేలెడంత పేలిక. ఆ పేలిక నాకు పాస్‌పోర్టులా పనిచేసింది. మొదటి కొట్టాయన దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, ‘ఇది నెమలికంఠం కాదండీ, రామాచిలక పచ్చ కలిసింది, మా దగ్గర దొరకదు, నాలుగు కొట్లవతల అడగండి’ అన్నాడు. నాలుగు కొట్లవతల మనిషి ఒక్క ముక్క ఇవ్వనన్నాడు, సెట్టు మొత్తం తీసుకోవాలట. అతనే ఇంకోళ్ల దగ్గరికి పంపించాడు. అలా చేతులు మారుతూ రెండు గంటల్లో నేను పదిమందితో మాట్లాడాను, మూడు మేడలెక్కాను, ఒక గోడౌను చూశాను. ఊరికే తిరిగినరోజు ఇందులో పదో వంతు కూడా చూడలేదు. గైడు కంటే చీటీ నయం. ఖర్చు ఆ రోజు మొత్తం మూడొందలు దాటలేదు.

వేళలు కూడా తెలిసుండాలి. కూరగాయల సందడి తెల్లవారుజామునే. బట్టల కొట్లు తీరిగ్గా తెరుచుకుంటాయి. తెరిచీ తెరవగానే వెళ్లి నాలుగు రకాలు దింపించి, ధర అడిగి, వద్దని లేచొచ్చారంటే బోణీ బేరం చెడగొట్టినవాళ్లవుతారు. పైకి ఏమీ అనరు గానీ మొహంలో తెలుస్తుంది. సాయంత్రం అయిదు దాటాకే బీసెంట్ రోడ్డు.

అనీబిసెంట్ పేరు పెట్టుకున్న ఆ రోడ్డు గవర్నరుపేటలో ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య ఉంది. వన్‌టౌన్‌కి పూర్తిగా వేరే లోకం. ఇక్కడ అమ్మకమంతా ఒక్కొక్క ముక్క లెక్కనే. చెప్పులు, చున్నీలు, గాజులు, ఫోన్ కవర్లు. అద్దాల షాపులు వెనక, తోపుడు బళ్లు ముందు. ఆదివారం షాపుల షట్టర్లు దిగితే వాటి మెట్లే దుకాణాలవుతాయి. పేరు అడిగేవాడు లేడు, ఊరు అడిగేవాడు లేడు, ‘ఊరికే చూస్తున్నా’ అంటే ఎవరూ వింతగా చూడరు. ఒంటరి మనిషికి బెజవాడలో ఇంతకంటే సుఖమైన బజారు లేదు. ఆ సుఖం బళ్లవాళ్ల వల్లే వచ్చింది, షాపుల వల్ల రాలేదు. బండి దగ్గర ఆగడానికి కారణం చూపించక్కర్లేదు.

ఆ బళ్లని తీసేస్తే రోడ్డు బాగుపడుతుందని అనేవాళ్లు ఉన్నారు. రద్దీ నిజమే, ఆంబులెన్సు దూరదు. కానీ వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. పట్టణ వెండింగ్ కమిటీ వెయ్యాలి, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, ఆ 40లో మూడో వంతు ఆడవాళ్లుండాలి, సర్వే అయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదు. చట్టం చెప్పినట్టు చోటు గీసి ఇస్తే నడిచేవాడికీ దారి మిగులుతుంది. గీతలు గియ్యకుండా లాఠీ పట్టుకుంటే సాయంత్రానికి బళ్లు మళ్లీ అక్కడే ఉంటాయి, మధ్యలో నలిగేది మనమూ వాళ్లూ.

ఇక తిండి. గాంధీనగర్‌లో 1942 నుంచి నడుస్తున్న బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు ఆసక్తి ఇడ్లీ కంటే కుర్చీ మీద. ఇలాంటి పాత టిఫిన్ హోటళ్లలో రద్దీ వేళ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాల్సిందే. ఎదురుగా ముగ్గురు కొత్తవాళ్లు. కారప్పొడి గిన్నె అందిస్తూ ఒకరు, ‘చట్నీ పెట్టించుకోండి’ అంటూ ఒకరు. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు చాలా ఉన్నాయి కాబట్టి పక్కబల్ల మీద శుక్రవారం ఓపెనింగ్స్ లెక్కలు వినబడినా ఆశ్చర్యం లేదు. బండి దగ్గరైతే ఇంకా నయం. పునుగులూ మైసూరు బజ్జీ తిన్నన్ని తిని, చివర్లో ‘ఎన్నయ్యాయండీ?’ అంటే మనమే లెక్క చెప్పడం. రోడ్డు పక్క నిలబడి తినే మనిషి మాటని నమ్మి డబ్బులు తీసుకుంటారు.

ఏసీ రెస్టారెంటు తలుపు తోసుకుని వెళ్తే మాత్రం కథ మారుతుంది. ‘ఎంతమంది సార్?’ ‘ఒక్కణ్ణే.’ ‘సింగిలా?’ అని, చేతులు కడుక్కునే చోటుకి ఆనుకుని ఉన్న చిన్న బల్ల చూపిస్తారు. ఉలవచారు బిర్యానీ ఇద్దరికి సరిపడా వస్తుంది, స్టార్టరు ముగ్గురికి. నాలుగు రకాలు రుచి చూడాలని వచ్చినవాడు ఒకదానితో కడుపు నింపుకుని పోతాడు. హాఫ్ ప్లేటు పెడితే పోయేదేముంది? ఆంధ్రా మెస్సుల్లో విస్తరి ముందు ఈ తేడా ఉండదు. పప్పు, వేపుడు, గోంగూర, పెరుగు అందరికీ వరసలో వస్తాయి. మారు వడ్డించేవాడికి మీరు ఒక్కరా పదిమందా అన్నది పట్టదు.

సింగిల్ అనే మాట నాకు ఇంకోచోట కూడా తగిలింది. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రాత్రి పదింటికి గది అడిగితే, గోడకి తాళాలు వేలాడుతుండగానే, ‘సింగిల్‌కి ఇవ్వమండీ’ అన్నారు. ఆధార్ కార్డు చూపించాను. గుంటూరు అడ్రసు చూసి, ‘ముప్పై కిలోమీటర్లేగా, వెళ్లిపోవచ్చుగా’ అని సలహా కూడా ఇచ్చారు. వెళ్లిపోయాను. మగవాణ్ణి, పక్క ఊరివాణ్ణి కాబట్టి వెళ్లిపోగలిగాను.

మా అక్క కూతురు పోటీ పరీక్షల కోసం ఒక్కతే ఈ ఊరు తిరుగుతుంది. తనొక మాటంది: ‘మామయ్యా, నడుస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. నిలబడితేనే అందరూ చూస్తారు.’ ఏలూరు రోడ్డులో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర గంటసేపు గడుపుతుందిట, పుస్తకం చేతిలో ఉంటే నిలబడ్డానికి కారణం ఉన్నట్టే కాబట్టి. నా చీటీ లాంటిదే ఆ పుస్తకం. ఇద్దరం ఒకే ఊరిని ఒకే ఎత్తుతో తిరుగుతున్నామని అప్పుడు తట్టింది.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్టుకి డబ్బులు లేవు. తెనాలి నుంచో నూజివీడు నుంచో బెజవాడ రావడానికి ఇదివరకు పెళ్లిబట్టలో ఆస్పత్రో గుళ్లో మొక్కో ఉండాలి. ఇప్పుడు జీరో టికెట్ చింపించుకుని, సాయంత్రం బీసెంట్ రోడ్డు చూసి, పునుగులు తిని పోవచ్చు. ఒంటరి యాత్రికుడంటే విదేశీ బ్యాగు వేసుకున్న కుర్రాడే అనుకుంటున్నాం గానీ, రేపు ఈ బజార్లలో ఊరికే తిరగబోయేది ఆ బస్సు దిగే ఆవిడే. వచ్చాక ఆవిడ ఎక్కడ కూర్చోవాలి? దాహమేస్తే, బాత్రూంకి వెళ్లాల్సొస్తే, మే నెల మధ్యాహ్నం మూడింటికి నీడ కావాలంటే? ఇప్పటికి జవాబు మాల్. ఏసీ ఉంటుంది, బెంచీ ఉంటుంది, శుభ్రమైన టాయిలెట్ ఉంటుంది. మాల్‌లో చూడ్డానికి బెజవాడది అంటూ ఏమీ లేకపోయినా జనం అక్కడికి ఎందుకు పోతారో అర్థం కానిదేం కాదు.

గుంటూరువాణ్ణి కాబట్టి మా ఊరి మాట ఒకటి. బ్రాడీపేటలో అడ్రసంటే రెండంకెలు: లైను ఎన్నోది, అడ్డరోడ్డు ఎన్నోది. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కొత్త మనిషి ఎవర్నీ అడక్కుండా చేరొచ్చు. అరండల్‌పేట కూడా ఇదే వరస. ఒంటరిగా తిరిగేవాడికి ఇంత దయగల పేటలు మన వైపు ఇంకెక్కడా చూడలేదు. అట్లాగని గుంటూరు అంతా దయే అనుకుంటే పొరపాటు, పట్నంబజారుకొస్తే మళ్లీ వన్‌టౌనే. మిర్చి యార్డు చూస్తామని అడిగేవాళ్లకి నా సలహా ఒక్కటే: సీజన్లో వెళ్తే చేతిరుమాలు తడిపి తీసుకెళ్లండి, అక్కడ కిలో అమ్మరు, టిక్కీల (గోనె బస్తాల) లెక్క.

బెజవాడ నగరపాలక సంస్థని నేను పెద్ద ప్రాజెక్టులేమీ అడగడం లేదు. బీసెంట్ రోడ్డు రెండు కొసల్లోనూ చెట్టో పందిరో వేసి పది బెంచీలు. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఆడవాళ్లు వెళ్లగలిగే ఒక టాయిలెట్, రాత్రి తొమ్మిదిదాకా తాళం వెయ్యకుండా. వన్‌టౌన్ సందుల మొదట్లో, లోపల ఏ సరుకు దొరుకుతుందో తెలుగులో రాసిన బోర్డు. ముఠావాళ్ల బండికి అడ్డం రాకుండా కనీసం ఒక పక్క స్కూటర్లు తీయించడం.

నెమలికంఠం జాకెట్టు ముక్క చివరికి దొరికింది. ఇంటికొచ్చి ఇస్తే అక్క కిటికీ దగ్గరికెళ్లి చీర మీద పెట్టి చూసింది. ‘ఒక ఛాయ తక్కువుందిరా’ అంది. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి.