వైన్స్ తెరిచారు, ఒకటో తరగతి మాత్రం తెరవలేదు

మళ్ళీ అదే మీమ్ తిరుగుతోంది, కరోనా బ్యాచ్, పరీక్ష రాయకుండా పాసైన బ్యాచ్, వీళ్ళకి ఉద్యోగమిస్తే కంపెనీ గోవిందా అని. నవ్వుకోండి, కాదనట్లేదు. కానీ మన తెలంగాణలో 2020 టెన్త్ వాళ్ళ గోడు కనీసం నలుగురికీ తెలిసింది కదా. హైకోర్టు దాకా పోయింది, జూన్‌లో పరీక్షలు రద్దు చేసి 5 లక్షల పైచిలుకు పిల్లల్ని ఇంటర్నల్ మార్కులతో పాస్ చేశారు. మరుసటేడు ఇంటర్ ఫస్టియర్ వాళ్ళకి పరీక్ష పెడితే 49 శాతమే గట్టెక్కారు, కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, బోర్డు ముందు ధర్నాలు జరిగాయి, డిసెంబర్‌లో ఫెయిలైన అందరికీ 35 మార్కులేసి పంపించేశారు. అది ఒప్పా తప్పా అని ఇంకో పదేళ్ళు కొట్టుకోవచ్చు. నా మంట వేరే. అదే 2020లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఏమయ్యారు? వాళ్ళకి హాల్ టికెట్ లేదు, ర్యాంకు లేదు, అందుకే టీవీలో డిబేట్ కూడా లేదు.

తెలంగాణలో ఏది ఎప్పుడు తెరిచారో ఒకసారి వరసగా గుర్తు చేసుకోండి. 2020 మార్చి మధ్యలో బడులు మూశారు. మే 6న వైన్స్ తెరిచారు. సెప్టెంబర్ ఆఖర్లో బార్లు. నవంబర్‌లో దుబ్బాక ఉప ఎన్నిక, డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు, మరి పోలింగ్ బూతులు ఎక్కడ పెడతారండీ, బడుల్లోనే కదా! పెద్దవాళ్ళు ఆ గదుల్లో లైన్ కట్టి ఓటేయొచ్చు, పిల్లలు మాత్రం కూర్చోకూడదు. 2021 ఫిబ్రవరిలో ముందు తొమ్మిది, పది తరగతులు, తర్వాత ఆరు నుంచి ఎనిమిది తెరిచారు, మార్చి ఆఖర్లో అవీ మూశారు. ఒకటి నుంచి ఐదు దాకా అయితే 2021 సెప్టెంబర్ 1 వరకు గేటే తీయలేదు, పదిహేడు నెలల పైమాట. మొదట్లో అందరం భయపడ్డాం, సెకండ్ వేవ్‌లో మూసినందుకు కూడా నేనేమీ అనను. కానీ మధ్యలో కేసులు తగ్గిన ఆ నెలల సంగతేంటి? పక్కనే ఆంధ్రాలో ఫిబ్రవరి 1 నుంచి చిన్న పిల్లలకి కూడా తెరిచారు, రెండున్నర నెలలైనా బడి మొహం చూశారు వాళ్ళు.

డిజిటల్ క్లాసులు పెట్టారు కదా అంటారు. పెట్టారు, 2020 సెప్టెంబర్ నుంచి దూరదర్శన్ యాదగిరిలో, సర్కారు వాళ్ళ పాఠాల ఛానెల్ టీశాట్‌లో. కానీ మూడో తరగతి నుంచే! అ ఆ లు దిద్దాల్సిన ఒకటీ రెండూ వాళ్ళకి టీవీ పాఠం కూడా లేదు. నిజం చెప్పాలంటే ఆరేళ్ళ పిల్లకి టీవీ చూపిస్తే అక్షరం రాదు, పక్కన ఒకళ్ళు కూర్చుని చెయ్యి పట్టి దిద్దించాలి, ఆ ఒక్కళ్ళు ఎవరింట్లో ఉన్నారు అన్న దగ్గరే అంతా తేలిపోయింది. కొండాపూర్‌లో మా అక్క కొడుక్కి జూమ్ క్లాసు, పక్కనే వర్క్ ఫ్రం హోమ్‌లో వాళ్ళమ్మ, సాయంత్రం ఇంకో మేడంతో ఆన్‌లైన్ ట్యూషన్. మా వీధి చివర రేకుల ఇంట్లో సెంట్రింగ్ మేస్త్రి కూతురిది కూడా అదే తరగతి. వాళ్ళమ్మని అడిగితే, "ఫోను ఆయన తోటి పనికి పోతది కదక్కా, ఆయనొచ్చే సరికి పిల్ల పండుకుంటది" అంది.

ఆ పిల్ల మూడో తరగతికొచ్చాక నా దగ్గరికి పుస్తకం తెచ్చుకుంది. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం కదా, ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు. వేలు పెట్టి గడగడా చదివేస్తోంది, నేను మురిసిపోయా. తర్వాత గమనిస్తే నోరు మూడో లైన్‌లో ఉంటే వేలు ఇంకా మొదటి లైన్‌లోనే ఉంది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి అదే వాక్యం మళ్ళీ చదవమన్నా. ఆగిపోయింది. క్లాసులో అందరూ కోరస్‌గా చెప్పేది కంఠతా పట్టింది అంతే, తెలుగులో గుణింతాలే రావు. నేను ఇంగ్లీష్ మీడియంకి వ్యతిరేకం కాదు బాబోయ్, ఆ గొడవ ఇక్కడికి తేకండి, నా పిల్లల్ని అందులో వేసి పక్కోళ్ళ పిల్లలకి వద్దనేంత సిగ్గులేనిదాన్ని కాదు. కానీ ఏడాదిన్నర బడే లేని పిల్లలకి ముందు పోయింది పూడ్చాలా, ఉన్నపళంగా మీడియం మార్చాలా?

ఇది ఒక్క పిల్ల కథ అనుకునేరు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే ఉంది. రెండో తరగతి పాఠం చదవగలిగే మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రాలో 22.6 నుంచి 10.3కి పడింది. 2022లో మూడో తరగతి అంటే ఎవరు? కరెక్టుగా 2020లో ఒకటిలో చేరిన వాళ్ళే. నూటికి ఐదుగురు! ఈ అంకె ఏ ఎన్నికల మీటింగ్‌లో అయినా విన్నారా?

సర్కారు ఏమీ చేయలేదని కాదు, 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలుపెట్టారు, చదవడం రాయడం లెక్కలు మళ్ళీ నేర్పడానికి. అదే ఏడాది మన ఊరు మన బడి అని 26 వేల బడులకి 7,289 కోట్లు అన్నారు, గోడలకి రంగులు, బెంచీలు, మరుగుదొడ్లు, అన్నీ కావాల్సినవే. అయినా ప్రారంభోత్సవానికి గోడ పనికొచ్చినట్టు గుణింతం పనికిరాదు కదా, రిబ్బన్ ఎక్కడ కడతారు దానికి.

ఇప్పుడు కొత్త పాట, కోలుకున్నాం అని. 2024 అసర్ సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లోని సర్కారు బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్ళు 44.8 శాతం, 2018లో 44.2. అంటే బయటికి రాలేదు, కరోనాకి ముందున్న పాత గోతిలోకే తిరిగొచ్చి పడ్డాం, సగానికి పైగా పిల్లలు ఐదో తరగతిలో కూడా రెండో తరగతి పుస్తకం చదవలేరు, దానికి చప్పట్లు.

2020లో ఒకటిలో చేరిన ఆ బ్యాచ్ 2025 జూన్‌లో ఆరుకొచ్చింది, 2030లో టెన్త్ రాస్తుంది. హైస్కూల్లో ఫిజిక్స్ సార్ ఆగి గుణింతాలు నేర్పడు, ఆయన్ని తిట్టి లాభం లేదు, సిలబస్ టైంకి అవ్వకపోతే డీఈఓ ఆఫీసు నుంచి మెమో వచ్చేది ఆయనకే. కాబట్టి నేను అడిగేది ఒక్కటే, హైస్కూల్లో ఆ పిల్లలకి చదవడం నేర్పించడానికే రోజూ ఒక పీరియడ్, దానికంటూ ఒక టీచర్. అది కూడా టైం టేబుల్‌లో రాసి ఉండాలి, "వీలున్నప్పుడు" అని కాదు.