ఫీజు తీసుకుంటే అది ఇంటి కొలను కాదు

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ వైపు తెలుగు ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ ప్రకటనలు తిరుగుతాయో అందరికీ తెలిసిందే. సొంత కొలను, పదిహేను రోజుల్లో ఈత, ఆడపిల్లలకు వేరే బ్యాచ్. ఇలాంటి పాఠాలకు నియంత్రణ ఉండాలా అంటే, ఉండాలి. తేల్చుకోవాల్సింది దేన్ని నియంత్రించాలన్నదే. ట్రేడ్ లైసెన్సును ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే నీళ్లు శుభ్రపడవు. లెక్క వేయాల్సింది నీళ్లలో దిగే తలలను.

ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతున్న కొలనులో 48 వేల లీటర్ల నీరు పడుతుంది. ఇంటి కొలనుకు బిగించే మోటారు, శాండ్ ఫిల్టరు ఈ నీటినంతా ఒక చుట్టు తిప్పడానికి దాదాపు ఎనిమిది గంటలు తీసుకుంటాయి. అంటే గంటకు 6 వేల లీటర్లు. సాయంత్రం నలుగురు కాసేపు ఈదే ఇంటికి అది సరిపోతుంది. ఈత నేర్పే కొలనుల్లో మాత్రం నీరు అరగంట నుంచి గంటన్నరలోపు ఒక చుట్టు తిరగాలన్నది బ్రిటన్‌లో పాటించే ప్రమాణం. గంటన్నరే అనుకున్నా గంటకు 32 వేల లీటర్లు శుద్ధి కావాలి. ఇంట్లో ఉన్న మోటారు ఇచ్చేదానికి ఇది ఐదు రెట్లు పైమాటే. రోజుకు ఐదు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు పదిమంది చొప్పున దించితే ఆ ఫిల్టరు ఏం చేయగలదు?

ఇక క్లోరిన్. లీటరు నీటిలో స్వేచ్ఛా క్లోరిన్, అంటే ఇంకా మురికితో కలవని క్లోరిన్, కనీసం 1 మిల్లీగ్రాము ఉండాలి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. చెమట, మూత్రం, తలనూనె క్లోరిన్‌ను తినేస్తుంటాయి. 48 వేల లీటర్లలో ఆ ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 145 గ్రాములు, 65 శాతం ఉన్న గ్రాన్యూల్స్ అయితే 75 గ్రాములు కావాలి. మూతి విప్పి నెలల తరబడి మన తీరం తేమలో ఉంచిన బస్తాలో ఆ 33 శాతం మిగలదు. ‘రెండు పిడికిళ్లు చల్లాం’ అనేది కొలత కాదు. పైగా బ్లీచింగ్ వేసేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం సూక్ష్మజీవులను చురుగ్గా చంపే రూపంలో ఉంటుంది. 8 దాటితే అది పావు వంతు కూడా ఉండదు. క్లోరిన్ ఒక్కటే పరీక్షించి సంతోషపడేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఘాటు వాసన, కళ్ల మంట వస్తే మందు ఎక్కువైందని తల్లిదండ్రులు అనుకుంటారు. చాలాసార్లు అది మూత్రంతో, చెమటతో కలిసి పనికిరాకుండా పోయిన క్లోరిన్ వాసన. పీహెచ్ తగ్గించడానికి తెచ్చిన యాసిడ్ డబ్బాను బ్లీచింగ్ బస్తా పక్కనే పెట్టడం మరో ఘోరం. రెండూ కలిస్తే మోటారు గదిలో విషవాయువు పుడుతుంది.

అడుగున నీటిని మోటారుకు లాగే డ్రెయిన్ ఒక్కటే ఉన్న కొలనులో పాఠాలు నిషేధించాలి. ఇందులో బేరం లేదు. 20 సెంటీమీటర్ల డ్రెయిన్‌ను పిల్లాడి వీపు మూసేసిందనుకోండి. మోటారు అక్కడ సగం వాతావరణ పీడనమంత శూన్యం సృష్టించినా దాదాపు 160 కిలోల బలం కిందికి పట్టి ఉంచుతుంది. పైనుంచి ఎవరు లాగినా రాడు, మోటారు ఆపాల్సిందే. 2002లో ఏడేళ్ల పాప ఇలాగే చనిపోయాక, 2007 డిసెంబరులో అమెరికా దీనికోసమే చట్టం చేసింది. మార్గం తెలిసిందే: ఉబ్బెత్తు మూతలు, మూడడుగుల ఎడంలో రెండు డ్రెయిన్లు, చేతికందే చోట స్విచ్. నీటిలో దీపాలుంటే 12 వోల్టులవి, లైనుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల స్విచ్, ఆర్‌సీసీబీ.

మునిగే పిల్లాడు సాధారణంగా కేకలు వేయడు. ఒకరి నడుము పట్టి కాళ్లు ఆడించడం నేర్పుతున్న మాస్టారికి వెనకున్న ఆరుగురు కనబడరు. కాబట్టి గట్టు మీద, పాఠం చెప్పని, ఫోను పట్టని మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషికి నోటితో శ్వాస ఇవ్వడం, ఛాతీ నొక్కడం వచ్చి ఉండాలి. తలకిందులుగా వేలాడదీసి నీళ్లు కక్కించే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. మునిగినవాడికి ముందు కావాల్సింది గాలి.

ఇన్‌స్పెక్టర్ చేతికి మరో ఆయుధం ఇచ్చినట్టే అని కొందరంటారు. భయం సబబే. ఆడపిల్లలు సంకోచం లేకుండా నేర్చుకునే చోటు ఈ ఇళ్లేనన్నదీ నిజమే. అందుకే లైసెన్సు వద్దు, నమోదు చాలంటున్నాను. రోజుకు రెండుసార్లు క్లోరిన్, పీహెచ్ అంకెలు, ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది, గట్టు మీద కాపలా ఎవరు అన్నవి గేటు దగ్గర బోర్డు మీద ఒడియాలో, తెలుగులో రాయాలి. ఇచ్ఛాపురం నుంచి పిల్లాణ్ని తెచ్చిన తల్లి కూడా చదివి, నచ్చకపోతే వెనక్కి తీసుకెళ్లగలగాలి.

అసలు ఇళ్లలో ఈ ఈత వ్యాపారం ఎందుకు పుట్టింది? ఈత నేర్పే బాధ్యతను ప్రభుత్వం పెద్దగా తలకెత్తుకోలేదు గనుక. దేశంలో ఏటా 35 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారని నేర గణాంకాల బ్యూరో ఇటీవలి నివేదికలు చెబుతున్నాయి. వాళ్లలో టైల్స్ వేసిన కొలనుల్లో పోయేవాళ్లు ఎందరుంటారు? రుషికుల్య, బాహుదా, వంశధార, ఊరి చెరువులు, మెట్లు లేని బావులు. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు దిగేది వాటిలోనే. బంగ్లాదేశ్ స్విమ్‌సేఫ్ పేరుతో పల్లె చెరువుల్లోనే వెదురు కట్టి పిల్లలకు నేర్పింది. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం, నీళ్లలోకి దూకకుండా కర్ర అందించి కాపాడటం. ఈ మూడూ వస్తే ఉత్తీర్ణులైనట్టే.

గంజాం, గజపతి జిల్లాల్లో వెదురుకు కొదవ లేదు, చెరువులకూ లేదు. మురుగు కలవని చెరువు ఎంచి, గుర్రపుడెక్క తీసి, పది మీటర్లు బై ఐదు మీటర్ల మేర, పిల్లల నడుము లోతున నిలబడేందుకు వెదురుతో నేల కట్టొచ్చు. వర్షాలకు కట్లు వదులవుతాయి కాబట్టి ఏటా కొత్త తాళ్లు వేయాలి. ఫిబ్రవరి, మార్చిలో, చెరువుల్లో నీరు తగ్గకముందే పాఠాలు ముగించాలి. ఊళ్లో ఈత వచ్చిన జాలరి యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, రోజుకూలీకి తగ్గకుండా చెల్లిస్తే మాస్టార్లూ దొరుకుతారు. జిల్లా కలెక్టర్లు కొలనుల నమోదు ఉత్తర్వు మీద సంతకం పెట్టిన రోజునే దీనికీ డబ్బు విడుదల చేయాలి.